ఉచితం, స్వేచ్ఛ, స్వచ్ఛందం: పాఠశాల కంప్యూటరు విధానాలలో డిజిటల్ హక్కుల భావన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాఠశాలలకు కంప్యూటర్లు, ట్యాబ్‌లు, అంతర్జాలం అందించే ప్రభుత్వ విధానాలపై చర్చ ఎక్కువగా సంఖ్యల చుట్టూ తిరుగుతోంది. ఎన్ని యంత్రాలు ఇచ్చారన్నది లెక్కకు వస్తోంది గాని, వాటిని వాడే విద్యార్థికి ఏ హక్కులు ఉన్నాయన్న ప్రశ్న వెనుకబడుతోంది. ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే ఒక్క మాట ఈ రంగంలో మూడు వేర్వేరు భావాలను మోస్తోంది. తెలుగులో వాటికి ఉచితం, స్వేచ్ఛ, స్వచ్ఛందం అనే మూడు వేర్వేరు మాటలున్నాయి. ఈ భేదాన్ని విమర్శ పరికరంగా తీసుకొని ఫ్రీ బేసిక్స్ వివాదం, ఆంధ్రప్రదేశ్ ట్యాబ్‌ల పంపిణీ, కేరళ పాఠశాలల సాఫ్ట్‌వేర్ విధానం, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, న్యాయస్థానాల తీర్పులు, తెలుగు లిపి సాంకేతికత అనే అంశాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డిజిటల్ హక్కులు, పాఠశాల విద్య, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, గోప్యత, సమ్మతి, యూనికోడ్, తెలుగు పరిభాష.

1. ఉపోద్ఘాతం:

భారతదేశంలో పాఠశాలలోకి కంప్యూటరు ప్రవేశించి నాలుగు దశాబ్దాలు దాటింది. 1984-85లో కేంద్రప్రభుత్వం 'క్లాస్' అనే పథకం ద్వారా ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లను సమకూర్చింది. 2004 డిసెంబరులో 'ఐసీటీ ఎట్ స్కూల్స్' పథకం వచ్చింది. 2012లో పాఠశాల విద్యలో సమాచార సాంకేతికతపై జాతీయ విధానం రూపొందింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం డిజిటల్ విద్యకు ప్రత్యేకస్థానం కల్పించింది. ఇంత ప్రయాణం తరువాత కూడా 2023-24 యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం దేశంలోని పాఠశాలల్లో 57.2 శాతానికే పనిచేసే కంప్యూటర్లున్నాయి. అంతర్జాల సౌకర్యం ఉన్నవి 53.9 శాతం.

ఈ లెక్కలు అవసరమైనవే. యంత్రమే లేని చోట హక్కుల చర్చకు ఆధారం ఉండదు. అయితే యంత్రం ఉండటంతోనే హక్కు సిద్ధించినట్లు భావించడం మరొక పొరపాటు. విద్యారంగ సాంకేతికతపై 2023లో యునెస్కో వెలువరించిన ప్రపంచ నివేదిక తన శీర్షికలోనే ఈ పరికరం ఎవరి షరతులపై అని ప్రశ్నించింది. ఆ ప్రశ్న తెలుగు విద్యారంగానికి కూడా వర్తిస్తుంది. పాఠశాలకు వచ్చిన కంప్యూటరులో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలో నిర్ణయించేది ఎవరు? దానిలో పోగయ్యే పిల్లల వివరాలు ఎవరి చేతిలో ఉంటాయి? అది ఏ భాషలో, ఏ లిపిలో పిల్లలతో మాట్లాడుతుంది? విధానపత్రాలను చదవవలసింది ఈ ప్రశ్నలతోనే.

2. ఒక మాట – మూడు అర్థాలు:

అంతర్జాల సాంకేతికతకు సంబంధించిన వాదోపవాదాల్లో 'ఫ్రీ' అనే మాట పదేపదే వినిపిస్తుంది. కంపెనీలు ఫ్రీ సేవలు ఇస్తామంటాయి. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించి, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను స్థాపించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటాడు. డేటా రక్షణ చట్టం వ్యక్తి ఇచ్చే అనుమతి ఫ్రీ అయి ఉండాలంటుంది. మూడుచోట్లా మాట ఒకటే, అర్థం వేరు. మొదటిది వెలకు, రెండవది అధికారానికి, మూడవది మనసుకు సంబంధించింది.

ఇంగ్లీషులోని ఈ సందిగ్ధత వల్ల స్టాల్‌మన్ దశాబ్దాలుగా తన భావాన్ని వివరించుకోవలసి వచ్చింది. ఒక ప్రోగ్రామును ఏ ప్రయోజనానికైనా నడుపుకోవడం, దాని మూలరచనను చదివి మార్చుకోవడం, ప్రతులను ఇతరులతో పంచుకోవడం, మార్చిన ప్రతులను కూడా పంచుకోవడం అనే నాలుగు స్వేచ్ఛలు వాడుకరికి ఉన్నప్పుడే అది ఫ్రీ సాఫ్ట్‌వేర్ అవుతుందని ఆయన నిర్వచనం. వెల ఎంత అన్నది ఆ నిర్వచనంలో లేదు.

తెలుగుకు ఈ చిక్కు లేదు. డబ్బు తీసుకోకుండా ఇచ్చేది ఉచితం. వాడేవారి అధికారాన్ని గుర్తించేది స్వేచ్ఛ. ఒత్తిడి లేకుండా ఇచ్చే సమ్మతి స్వచ్ఛందం. తెలుగునాట ఈ ఉద్యమాన్ని నడుపుతున్న సంస్థ తనకు 'స్వేచ్ఛ' అని పేరు పెట్టుకోవడం ఈ స్పష్టతకు నిదర్శనం. కేరళలోని ఇదే తరహా భాషాసాంకేతిక బృందం 'స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్' అని పేరు పెట్టుకొంది. అయినా తెలుగు పత్రికల్లోను, ప్రభుత్వ ప్రకటనల్లోను 'ఉచిత సాఫ్ట్‌వేర్' అనే అనువాదం విరివిగా కనిపిస్తూనే ఉంది. భాషలో ఉన్న భేదం వాడుకలో చెరిగిపోతే, ఆలోచనలో కూడా చెరిగిపోతుంది.

3. ఉచితం – దాత, గ్రహీత:

3.1. ఫ్రీ బేసిక్స్ వివాదం: 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ సంస్థ ఇంటర్నెట్.ఆర్గ్ పేరుతో భారతదేశంలో ఒక సేవను ప్రారంభించింది. రిలయన్స్ కమ్యూనికేషన్స్ భాగస్వామ్యంతో మొదలైన ఈ సేవ తొలుత అందుబాటులోకి వచ్చిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. ఎంపిక చేసిన కొన్ని వెబ్‌సైట్లను డేటా రుసుము లేకుండా చూడవచ్చునన్నది దాని సారాంశం. అదే సంవత్సరం సెప్టెంబరులో అది 'ఫ్రీ బేసిక్స్'గా పేరు మార్చుకొంది.

పేదవారికి ఏమీ లేకపోవడం కన్న కొంతైనా ఉండటం మేలు కదా అన్నది దాని సమర్థకుల వాదం. ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేం. అయితే ఏ వెబ్‌సైట్లు ఆ జాబితాలో ఉండాలన్న నియమాలు కంపెనీ చేతిలో ఉన్నాయి. డబ్బు కట్టగలవారికి మొత్తం అంతర్జాలం, కట్టలేనివారికి కంపెనీ నియమాలకు లోబడిన భాగం అనే విభజన దీనివల్ల ఏర్పడింది. 2015 ఏప్రిల్‌లో పది లక్షలకు పైగా ఈమెయిళ్లు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి చేరాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ డేటా సేవలకు వివక్షాపూరిత ధరలను నిషేధించింది. ఉచితంగా వచ్చినదాని హద్దులను దాత నిర్ణయిస్తాడన్న సత్యం అంతర్జాల తటస్థత చర్చ ద్వారా తొలిసారి విస్తృతంగా ప్రజల్లోకి వెళ్లింది.

3.2. ఆంధ్రప్రదేశ్ ట్యాబ్‌లు: 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ సంస్థతో అవగాహన ఒప్పందం కుదుర్చుకొంది. అదే సంవత్సరం డిసెంబరు 21న ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ట్యాబ్‌ల పంపిణీ మొదలయింది. మొత్తం 5 లక్షలకు పైగా ట్యాబ్‌లను ఉద్దేశించిన కార్యక్రమమిది. ట్యాబ్‌లను ప్రభుత్వం కొన్నది. వాటిలో నింపిన పాఠ్యసామగ్రిని కంపెనీ ఉచితంగా ఇచ్చింది.

ప్రైవేటు పాఠశాలల పిల్లలకు డబ్బు పెడితేగాని దొరకని పాఠాలు గ్రామీణ ప్రభుత్వ పాఠశాల విద్యార్థి చేతికి రావడం సమానత్వ దృష్టితో చూస్తే చిన్న విషయం కాదు. 2020లో కరోనా కాలంలో తెలంగాణ ప్రభుత్వం సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారం చేయవలసి వచ్చింది. ఎందరో పిల్లల ఇళ్లలో చదువుకు పనికివచ్చే పరికరం, అనుసంధానం లేకపోవడమే అందుకు కారణం. ఆ అనుభవం తరువాత పిల్లల చేతికి పరికరం ఇవ్వాలన్న సంకల్పాన్ని ఆక్షేపించడం సబబు కాదు.

విమర్శించవలసింది సంకల్పాన్ని కాదు, నిర్మాణాన్ని. కంపెనీ ఉచితంగా ఇచ్చిన పాఠం ప్రజల ఆస్తి కాదు. ఉపాధ్యాయుడు తన ఊరి పిల్లలకు తగినట్లు అందులో ఒక ఉదాహరణను మార్చలేడు. ఒక తప్పు కనిపిస్తే దిద్దలేడు. శ్రీకాకుళం మాండలికంలోనో, రాయలసీమ మాండలికంలోనో ఒక వివరణను జోడించలేడు. 2024 జులైలో ఆ కంపెనీపై జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా పరిష్కార ప్రక్రియను ప్రారంభించింది. ఆ పరిణామానికి కారణాలు పాఠశాలకు సంబంధించినవి కావు. అయితే పిల్లల పాఠ్యసామగ్రి నవీకరణ ఒక వాణిజ్యసంస్థ ఆర్థిక ఆరోగ్యంపై ఆధారపడవచ్చునా అన్న ప్రశ్నను ఆ పరిణామం ముందుకు తెచ్చింది. ముద్రిత పాఠ్యపుస్తకం విషయంలో ఈ ప్రశ్న రాదు. ముద్రణాలయం మూతపడినా పుస్తకంలోని పాఠం రాష్ట్ర విద్యాపరిశోధన శిక్షణ సంస్థదే.

4. స్వేచ్ఛ – కేరళ అనుభవం:

పాఠశాల కంప్యూటరు విధానంలో భిన్నమైన మార్గాన్ని తీసుకొన్న రాష్ట్రం కేరళ. 2001-02లో అక్కడ 'ఐటీ ఎట్ స్కూల్' ప్రాజెక్టు మొదలయింది. 2001 జులైలోనే తిరువనంతపురంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా ప్రారంభమయింది. ఆరంభంలో పాఠశాల పాఠ్యాంశాలు మైక్రోసాఫ్ట్ ఉత్పత్తుల చుట్టూ అల్లుకొని ఉండటాన్ని ఉపాధ్యాయ సంఘాలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు ప్రశ్నించారు. క్రమంగా ప్రాజెక్టు గ్నూ లినక్స్ వైపు మళ్లింది. 2008 నాటికి పదవ తరగతి ఐటీ పరీక్ష పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పైనే జరిగే స్థితి వచ్చింది. 2017లో ఈ ప్రాజెక్టు 'కైట్' అనే ప్రభుత్వ సంస్థగా మారింది. 2018లో 'లిటిల్ కైట్స్' పేరుతో పాఠశాలల్లో విద్యార్థి క్లబ్బులు ఏర్పడ్డాయి.

ఈ విధానాన్ని ప్రశంసించేవారు తరచుగా లైసెన్సు రుసుముల ఆదా గురించి చెబుతారు. ఇది మళ్లీ ఉచితం అనే కొలబద్దతో కొలవడమే అవుతుంది. పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌నే ఎందుకు వాడాలో వివరించిన సందర్భంలో స్టాల్‌మన్ డబ్బు ఆదాను గౌణకారణంగానే చూశాడు. కంపెనీలు పాఠశాలలకు తమ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానో, నామమాత్రపు ధరకో ఇవ్వగలవు. అలా ఇచ్చినప్పుడు ఆదా అనే వాదం వీగిపోతుంది. విద్యార్థులకు పరాధీనతను అలవాటు చేయడం పాఠశాల పని కాదన్న వాదం మాత్రం అప్పుడు కూడా నిలుస్తుంది.

కేరళలో జరిగిన అసలు మార్పు ఉపాధ్యాయుడి పాత్రలో కనిపిస్తుంది. ఉపాధ్యాయులలో నుంచే మాస్టర్ ట్రైనర్లు తయారయ్యారు. పాఠశాల అవసరాలకు తగినట్లు ఆపరేటింగ్ సిస్టమ్‌ను మలచుకొన్నారు. మలయాళంలో పనిచేసే వాతావరణాన్ని కూర్చుకొన్నారు. మార్చే అధికారం ఉన్నందువల్లనే ఇది సాధ్యమయింది. ట్యాబ్‌ను అందుకొన్న ఉపాధ్యాయుడు గ్రహీత అయితే, వ్యవస్థను మలచుకొన్న ఉపాధ్యాయుడు కర్త.

జాతీయస్థాయిలో కూడా ఈ భావనకు ఆధారం లేకపోలేదు. 2012 నాటి జాతీయ విధానం స్వేచ్ఛా, బహిరంగ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలని పేర్కొంది. 2015లో కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాల కోసం బహిరంగ సాఫ్ట్‌వేర్ విధానాన్ని ప్రకటించింది. విధానం రాయడానికి, అమలు చేయడానికి మధ్య ఉన్న దూరాన్ని కేరళ తగ్గించింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ దూరం ఇంకా అలాగే ఉంది.

5. స్వచ్ఛందం – సమ్మతి ఎవరిది?

5.1. చట్టం: 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 సంవత్సరాలు నిండనివారిని పిల్లలుగా నిర్వచించింది. వారి వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి అవసరమని 9వ సెక్షను చెబుతోంది. పిల్లల కదలికలను వెంటాడటాన్ని, ప్రవర్తనను గమనించడాన్ని, వారిని లక్ష్యంగా చేసుకొన్న ప్రకటనలను అదే సెక్షను నిషేధించింది. అయితే కొన్ని వర్గాలకు మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. 2025 నవంబరులో వెలువడిన నిబంధనల్లో విద్యాసంస్థలకు తమ విద్యాకార్యక్రమాల కోసం, పిల్లల భద్రత కోసం అటువంటి మినహాయింపు లభించింది.

హాజరు వేయడానికి, ప్రగతి పత్రం తయారుచేయడానికి పాఠశాల పిల్లల వివరాలను నమోదు చేయక తప్పదు. కాబట్టి మినహాయింపు పూర్తిగా నిరాధారం కాదు. చిక్కల్లా 'విద్యాకార్యక్రమం' అనే మాట విస్తృతిలో ఉంది. ఒక విద్యార్థి ఏ ప్రశ్న దగ్గర ఎన్ని క్షణాలు ఆగాడో నమోదు చేయడం విద్యాకార్యక్రమమా, ప్రవర్తనను గమనించడమా? ఈ గీతను ఎక్కడ గీయాలో స్పష్టం కాకపోతే నిషేధం కాగితంపై, మినహాయింపు ఆచరణలో మిగులుతాయి.

ఈ సందేహం ఊహాజనితం కాదు. కరోనా కాలంలో వాడిన విద్యాసాంకేతిక ఉత్పత్తులను 49 దేశాల్లో పరిశీలించిన హ్యూమన్ రైట్స్ వాచ్ 2022లో ఒక నివేదిక వెలువరించింది. పరిశీలించిన 164 ఉత్పత్తుల్లో 89 శాతం పిల్లల హక్కులకు ముప్పు కలిగించే, లేదా వాటిని ఉల్లంఘించే తీరులో వివరాలను సేకరించినట్లు ఆ నివేదిక పేర్కొంది. వాటిలో చాలా ఉత్పత్తులు ఉచితమైనవే. వెల లేనిచోట మూల్యం మరో రూపంలో చెల్లించవలసి వచ్చిందన్నమాట.

5.2. ఆచరణ: సమ్మతి స్వచ్ఛందంగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదిగా ఉండాలని చట్టం 6వ సెక్షను నిర్దేశిస్తోంది. బడిలో చేరిక సమయంలో ప్రధానోపాధ్యాయుడు చాచిన కాగితంపై సంతకం పెట్టే తల్లికి నిరాకరించే అవకాశం నిజంగా ఉంటుందా అన్నది సామాజిక ప్రశ్న. ఉపాధ్యాయుడి పట్ల గౌరవం, పథకం అందదేమోనన్న భయం, కాగితంలోని భాష అర్థం కాకపోవడం అనే మూడూ ఆ సంతకంలో కలిసి ఉంటాయి. అటువంటి సంతకం అంగీకారమే కావచ్చు గాని స్వచ్ఛందం అనిపించుకోదు. కాదన్నా పిల్లవాడి చదువుకు లోటు రాదన్న హామీ ఉన్నప్పుడే అవునన్న మాటకు విలువ ఉంటుంది.

6. న్యాయస్థానాలు – హక్కుదారుగా విద్యార్థి:

విధానపత్రాలు విద్యార్థిని లబ్ధిదారుగా చూస్తుండగా, న్యాయస్థానాలు కొన్ని సందర్భాల్లో హక్కుదారుగా గుర్తించాయి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమికహక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించింది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పు విద్యారంగానికి మరింత దగ్గరిది. కోళికోడ్ జిల్లాలోని ఒక కళాశాల వసతిగృహంలో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు మొబైల్ ఫోను వాడరాదన్న నియమాన్ని ఒక విద్యార్థిని వ్యతిరేకించగా ఆమెను వసతిగృహం నుంచి తొలగించారు. అంతర్జాలాన్ని అందుకొనే హక్కు విద్యాహక్కులోను, గోప్యతాహక్కులోను భాగమని హైకోర్టు తీర్పు చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది.

ఈ తీర్పు క్రమశిక్షణను తిరస్కరించలేదు. క్రమశిక్షణ పేరుతో జ్ఞానానికి ఉన్న దారిని మూసివేయరాదని చెప్పింది. దీని వెనుక ఉన్న స్త్రీపురుష భేదాన్ని కూడా గమనించాలి. 2024 నాటి అసర్ నివేదిక ప్రకారం స్మార్ట్‌ఫోను వాడగల 14-16 సంవత్సరాల గ్రామీణ బాలురలో 36.2 శాతానికి సొంత ఫోను ఉండగా, బాలికల్లో అది 26.9 శాతమే. అన్నకు ఇచ్చిన ఫోనును చెల్లెలు అడిగి తీసుకోవలసిన ఇంట్లో, బడి ఇచ్చే పరికరం ఆ బాలికకు ఒక్కటే ఆధారం. ఆ ఆధారం కూడా ఇతరుల నిఘాలో ఉంటే హక్కు సగమే దక్కినట్లు.

2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు అంతర్జాలం ద్వారా జరిగే భావప్రకటనకు, వృత్తివ్యాపారాలకు రాజ్యాంగ రక్షణ ఉందని చెప్పింది. అయితే అంతర్జాలం అందుబాటే ప్రాథమికహక్కా అన్న ప్రశ్నలోకి వెళ్లలేదు. 2025 ఏప్రిల్ 30న దృష్టిలోపం ఉన్నవారు, ఆమ్లదాడి బాధితులు డిజిటల్ గుర్తింపు ప్రక్రియలో ఎదుర్కొంటున్న ఇబ్బందులపై తీర్పునిస్తూ, డిజిటల్ సేవల అందుబాటు 21వ అధికరణంలోని జీవనహక్కులో అంతర్భాగమని పేర్కొంది. సంపద, శరీరస్థితి, లింగం అనే అడ్డంకులను దాటించడమే ఈ తీర్పులన్నిటిలోని ఏకసూత్రం. నాలుగవ అడ్డంకి అయిన భాష ఇంకా ఆ చర్చలోకి పూర్తిగా రాలేదు.

7. లిపి, పరిభాష – తెలుగు విద్యార్థి హక్కు:

7.1. ఫాంటు సమస్య: తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచే స్థానముంది. అయినా తెలుగు ముద్రణరంగం దశాబ్దాలపాటు అను వంటి యూనికోడేతర ఫాంట్లపైనే నడిచింది. పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లను దించుకొంటేగాని చదవడానికి వీలుకాని కాలం ఒకటుంది. విశ్వవిద్యాలయాల తెలుగుశాఖల్లో సమర్పించిన సిద్ధాంతగ్రంథాలు అనేకం ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. తెరపై చూస్తే అది తెలుగే. వెతికితే దొరకదు. మరొకచోటికి తీసుకొంటే అర్థంలేని గుర్తులవుతుంది. దృష్టిలోపం ఉన్న విద్యార్థి కోసం చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది తెలుగు కానే కాదు.

కాబట్టి ఫాంటు ఎంపిక కేవలం అలంకారానికి సంబంధించిన విషయం కాదు, హక్కుకు సంబంధించినది. ఆ పరిస్థితిని మార్చడంలో స్వచ్ఛంద కృషి పాత్ర పెద్దది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమయింది. ఫాంట్ల మధ్య మార్పిడికి 'పద్మ' వంటి ఉపకరణాలు వచ్చాయి. మండలి, రామభద్ర, సురన్న, గిడుగు, గురజాడ వంటి యూనికోడ్ ఫాంట్లు బహిరంగ లైసెన్సుతో విడుదలయ్యాయి. వీటిని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. తెలుగు లిపికి కలిగిన ఈ మేలు స్వేచ్ఛ అనే భావం నుంచి వచ్చిందే. పాఠశాలలకు ఇచ్చే ప్రతి డిజిటల్ పాఠమూ యూనికోడ్ తెలుగులో, వెతకడానికి, వినడానికి వీలుగా ఉండాలన్న షరతు కొనుగోలు పత్రాల్లో చేరడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

7.2. పరిభాష సమస్య: సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ఏ భాషలోనైనా గాని చదువుకొనే వీలు కల్పించాలని డేటా రక్షణ చట్టం 5వ సెక్షను చెబుతోంది. అంటే తెలుగులో నోటీసు పొందడం తెలుగు తల్లిదండ్రులకు చట్టబద్ధమైన హక్కు. ఆ నోటీసు ఏ తెలుగులో ఉండాలన్నది తెలుగుశాఖలు ఆలోచించవలసిన విషయం.

చట్టం ఎవరి వివరాలున్నాయో ఆ వ్యక్తిని 'డేటా ప్రిన్సిపల్' అంటుంది. ఈ మాటను యథాతథంగా బడి నోటీసులో రాస్తే తెలుగువారు దాన్ని కళాశాల అధిపతిగా అర్థం చేసుకొంటారు. 'సమాచార హక్కుదారు' అందామంటే 2005 నాటి చట్టం వల్ల సమాచార హక్కు అనే మాట ప్రభుత్వ దస్త్రాలను అడిగే హక్కుగా స్థిరపడింది. 'దత్తాంశ హక్కుదారు' అనే మాట ఈ రెండు చిక్కులను తప్పించగలదు. ఆ వివరాలను ఉంచుకొని వాడే సంస్థను చట్టం 'డేటా ఫిడ్యూషియరీ' అంటుంది. దీనికి తెలుగులో 'ధర్మకర్త' అనే చక్కని మాట సిద్ధంగా ఉంది. దేవాలయ ధర్మకర్త ఆస్తిని కాపాడుతాడే గాని సొంతం చేసుకోడని తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. పిల్లల వివరాలకు కంపెనీ యజమాని కాదు, ధర్మకర్త మాత్రమేనన్న భావం ఒక్క మాటలో బోధపడుతుంది.

'ప్రైవసీ'కి స్థిరపడిన 'గోప్యత' అనే మాట కూడా పునరాలోచించదగినదే. గోప్యం అంటే దాచవలసినది. దాచవలసినదేమీ లేనివారికి గోప్యత ఎందుకన్న ప్రశ్న ఆ అనువాదం నుంచే పుడుతుంది. పుట్టస్వామి తీర్పులో ఈ హక్కుకు శరీరంపై, నిర్ణయాలపై, సొంత వివరాలపై వ్యక్తికి ఉండే అధికారమనే విస్తృతార్థముంది. 'వ్యక్తిగత స్వాధికారం' వంటి మాట ఈ అర్థానికి దగ్గరగా వస్తుంది. పరిభాష నిర్మాణమంటే అనువాదకుల పని అని మాత్రమే భావించే ధోరణి నుంచి తెలుగు పరిశోధన బయటపడాలి. హక్కుకు పేరు సరిగా లేనిచోట దాన్ని అడిగేవారు కూడా ఉండరు.

8. ప్రతివాదాలు – పరిమితులు:

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విధానానికి వ్యతిరేకంగా వినిపించే ముఖ్యవాదం ఉద్యోగాలకు సంబంధించింది. కార్యాలయాల్లో వాడే సాఫ్ట్‌వేర్‌నే బడిలో నేర్పాలన్నది ఆ వాదం. 8వ తరగతి విద్యార్థి ఉద్యోగంలో చేరేనాటికి నేటి సాఫ్ట్‌వేర్ రూపురేఖలు మారిపోతాయి. మీటలు ఎక్కడున్నాయో గుర్తుంచుకోవడం కన్న పని వెనుక ఉన్న సూత్రాన్ని గ్రహించడమే నిలిచే విద్య.

రెండవవాదం మరింత బలమైనది. యంత్రమైనా, సాఫ్ట్‌వేరైనా బోధనకు ప్రత్యామ్నాయం కాదన్నది దాని సారం. పెరూలో పిల్లలకు లాప్‌టాప్‌లు పంచిన కార్యక్రమాన్ని 319 గ్రామీణ పాఠశాలల్లో పరిశీలించిన అధ్యయనం గణితం, భాషల్లో చెప్పుకోదగిన మెరుగుదల కనిపించలేదని 2012లో తేల్చింది. సాంకేతికత ఉన్న శక్తిని పెంచుతుందే గాని లేని శక్తిని సృష్టించదని కెంటారో టొయామా వాదించాడు. ఉపాధ్యాయ ఖాళీలు భర్తీ కాని బడికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇచ్చినా ఫలితం పరిమితమే.

కేరళ నమూనాకు కూడా హద్దులున్నాయి. 2020 జూన్‌లో మొదలైన 'ఫస్ట్ బెల్' పాఠాలు ప్రభుత్వ ఛానలు విక్టర్స్‌తో పాటు యూట్యూబ్ ద్వారా కూడా విద్యార్థులకు చేరాయి. బడిలోని కంప్యూటరులో సాధించిన స్వేచ్ఛను అంతర్జాల వేదికల్లో నిలుపుకోవడం ఒక రాష్ట్రానికి సులభం కాదు. ఈ పరిమితులు స్వేచ్ఛా విధానాన్ని తప్పుపట్టడానికి కాక, దాన్ని సాఫ్ట్‌వేర్ దగ్గరే ఆపరాదని చెప్పడానికి ఉపకరిస్తాయి.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. పాఠశాల కంప్యూటరు విధానాలు విద్యార్థిని ప్రధానంగా లబ్ధిదారుగా చూస్తున్నాయి. న్యాయస్థానాల తీర్పులు హక్కుదారుగా చూస్తున్నాయి. ఈ రెండు దృష్టుల మధ్య సమన్వయం లేదు.

2. ఉచితంగా అందిన పాఠ్యసామగ్రి, సేవలు తక్షణ ప్రయోజనాన్ని ఇచ్చినా, వాటిని మార్చుకొనే, నిలుపుకొనే అధికారం వాడేవారికి లేనప్పుడు ఆ ప్రయోజనం దాత స్థితిగతులపై ఆధారపడుతుంది.

3. కేరళ అనుభవంలోని విలువ ఆదా చేసిన రుసుములో కన్న ఉపాధ్యాయుడిని కర్తగా మార్చడంలో ఉంది.

4. పిల్లల వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి స్వచ్ఛందం కావాలంటే, నిరాకరణ వల్ల నష్టం ఉండదన్న హామీ, అర్థమయ్యే తెలుగులో నోటీసు అవసరం. విద్యాసంస్థలకు ఇచ్చిన మినహాయింపు పరిధి స్పష్టం కావాలి.

5. యూనికోడ్ తెలుగు, బహిరంగ ఫాంట్లు, సరైన పరిభాష డిజిటల్ హక్కులలో భాగం. ఈ రంగంలో తెలుగుశాఖల బాధ్యత న్యాయశాఖల బాధ్యతకు తక్కువ కాదు.

చివరిగా ఒక పదచరిత్ర. సంస్కృతంలో 'ఉచితం' అంటే తగినది అని అర్థం. క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో కావ్యానికి ప్రాణంగా చెప్పిన ఔచిత్యం ఈ పదం నుంచి వచ్చినదే. వెల లేనిది అనే అర్థం తెలుగులో తరువాత కలిసి, క్రమంగా అసలు అర్థాన్ని వెనక్కు నెట్టింది. బడికి చేరే ప్రతి కంప్యూటరును, ట్యాబ్‌ను, యాప్‌ను ఆ పాత అర్థంతో కూడా పరీక్షించవలసి ఉంది. అది ఉచితంగా వచ్చిందా అని అడగడం సులభం. ఈ పిల్లలకు, ఈ భాషకు, ఈ బడికి ఉచితమైనదేనా అని అడగడం విధానకర్తల బాధ్యత, ఆ ప్రశ్నను సజీవంగా ఉంచడం విమర్శకుల బాధ్యత.